మూకుడులోకి ఏ నూనె?

సభకు నమస్కారం.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకినప్పుడు, ఆ నూనెకే అలవాటుపడిన చాలా ఇళ్లు వేరే నూనెల వైపు చూడక తప్పలేదు. గారెలకు, జంతికలకు మూకుడులో ఏ నూనె పోయాలన్న ప్రశ్నకే ఈ పూట పరిమితమవుతాను; పచ్చళ్ల నూనె సంగతి వేరు.

నూనె ఎంత వేడికి పొగ కక్కుతుందన్నది అందరూ ముందుగా అడిగే మాట. మన పిండివంటలు 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగుతాయి. శుద్ధిచేసిన నూనెలు దాదాపు అన్నీ ఆ వేడికి పొగ రాకుండా నిలుస్తాయి కనుక, ఆ ఒక్క లెక్కతో ఎంపిక తేలదు. వేడికి తోడు గాలి, పిండిలోని తడి కలిసి నూనెను ఎంత త్వరగా పాడుచేస్తాయన్నదే చూడాలి. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 60 శాతం ఉండే లినోలీక్ ఆమ్లం ఆక్సిజన్‌కు తేలికగా లొంగుతుంది. వాయి వెంట వాయి జంతికలు తీస్తున్నప్పుడు మూకుడు అంచున తేనెరంగులో పేరుకొని, పీచుతో తోమినా వదలని జిగురును గమనించే ఉంటారు. అది మసి కాదు, నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కొని కట్టిన పొర. అదే మార్పు లోపలి నూనెలోనూ సాగుతుంది గనుకనే అది చిక్కబడుతుంది, నురగ ఒక పట్టాన అణగదు.

వేరుశనగ నూనెలోనూ తవుడు నూనెలోనూ లినోలీక్ ఆమ్లం అంతకన్నా తక్కువ, నిలకడగల ఒలీక్ ఆమ్లం ఎక్కువ. రుచి దృష్ట్యా నా ఓటు వేరుశనగకే, అది పడనివారిని మినహాయిస్తే. అయితే గానుగ నూనెలో మిగిలే మడ్డి త్వరగా మాడుతుంది కాబట్టి దానిని తాలింపుకు ఉంచుకోవడం మేలు.

వరి పండే మన ప్రాంతంలో తవుడు నూనెకు ఇంకా తగిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. మిల్లులో బియ్యం నుంచి విడిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. అందుచేత తవుడును వెంటనే వేడిచేసి ఆ ఎంజైమ్‌ను అణచాలి, లేదా ఆలస్యం లేకుండా నూనె తీయాలి. శుద్ధిచేశాక దీనికి ఘాటైన వాసన ఉండదు, పిండివంట రుచిని మార్చదు.

పామాయిల్ వేడికి బాగా ఓర్చుకుంటుంది, మిఠాయి దుకాణాలు దానిని వదలకపోవడానికి ధరతో పాటు అదీ ఒక కారణం. కానీ అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే, రోజువారీ వంటకు నేను సూచించను.

ఏ నూనె ఎంచుకున్నా, వేయించగా మిగిలినదానికి కొత్త నూనె కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టే అలవాటు మానాలి. నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమం 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. దానిని కొలిచే పరికరం ఇళ్లలో ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇళ్లకు చెప్పే పద్ధతి సులువైనది: వేయించిన నూనెను వడగట్టి, తిరిగి వేపుళ్లకు వాడకుండా, ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేయాలి.