తెర మసకబారినప్పుడు కంప్యూటర్ మనల్ని ఏమి అడుగుతున్నది?

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య రాయగడ, గుణుపురం, బరంపురం వైపు నుంచి మన ఛానల్ చూసేవారు పలువురు ఒకే సంగతి అడిగారు. ఏదైనా కొత్త ప్రోగ్రామ్ వేయబోతే తెర మొత్తం మసకబారి, మధ్యలో ఒక పెట్టె వచ్చి, ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని అడుగుతున్నదనీ, ఇది విసుగు పుట్టిస్తున్నదనీ, అసలు ఆ పెట్టె రాకుండా చేసే దారి చెప్పమనీ వారి కోరిక. దారి ఉన్నది, అర నిమిషంలో అయిపోతుంది కూడా. అయితే ఆ దారిన వెళ్ళిన ఒక ఇంటి కంప్యూటర్‌ను బాగుచేయడానికి నేను రెండు రోజులు కూర్చోవలసి వచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఆ పెట్టె ఎందుకు వస్తుందో, దానికి ఏమని జవాబివ్వాలో వివరిస్తాను.

ఆ ఇల్లు మా పిన్నిది. 2020లో బడులు మూతపడి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో జరుగుతున్న రోజుల్లో కొన్న డెస్క్‌టాప్ అది. బాబాయి కరెంటు బిల్లు కట్టినా, పిన్ని వంటల వీడియోలు చూసినా, తమ్ముడు బడి పని చేసుకున్నా, అందరిదీ ఒకటే ఖాతా. దానికి పాస్‌వర్డ్ లేదు, పైగా అది అడ్మినిస్ట్రేటర్ ఖాతా, అంటే కంప్యూటర్‌లో ఏ మార్పునైనా చేసే అధికారం ఉన్నది. మాటిమాటికీ తెర మసకబారడం నచ్చక, తమ్ముడు స్నేహితుడి మాట విని, ఆ పెట్టె ఎప్పుడు రావాలో నిర్ణయించే యూజర్ అకౌంట్ కంట్రోల్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడ నిలువుగా ఉండే మీటను అట్టడుగున ఉన్న నెవర్ నోటిఫై దాకా దించేశాడు. కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. మా ప్రాంతంలో చాలా మంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాడికి ఒడియాలో ఒక ప్రాజెక్టు రాసి ఇవ్వవలసి వచ్చి, ఒడియా ఫాంట్ కోసం వెతికితే ఎక్కడో ఒక ఫైలు దొరికింది. ఫాంట్ ఫైలు పేరు చివర మామూలుగా టీటీఎఫ్ అనో ఓటీఎఫ్ అనో ఉంటుంది. వాడు దించుకున్న దాని చివర ఈఎక్స్ఈ అని ఉన్నది, అంటే అది ఫాంట్ కాదు, ప్రోగ్రామ్. వాడు దానిమీద రెండుసార్లు నొక్కాడు. ఆ రోజు తెర మసకబారలేదు, పెట్టె రాలేదు, కంప్యూటర్ ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు పిన్ని ఫోన్ చేసి, "ఒరే నాన్నా, ఇది ఏటేటో సూపించేస్తంది, నేనేటీ నొక్కలేదురా" అన్నది. వెళ్ళి చూస్తే బ్రౌజర్ తెరవగానే ఊరూ పేరూ తెలియని పేజీ వస్తున్నది, తెర మూలన ప్రకటనలు కదులుతున్నాయి, కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు మూడు కొత్తగా చేరి ఉన్నాయి. చివరికి ఫోటోలూ కాగితాలూ బయటి డ్రైవ్‌లోకి తీసి, విండోస్‌ను మళ్ళీ మొదటినుంచి వేయవలసి వచ్చింది.

ఇందులో తమ్ముడి తప్పు చిన్నది. అడిగే వారే లేనప్పుడు పదిహేనేళ్ళ పిల్లవాడు ఆగి ఆలోచించాలని కోరుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా దాన్ని నడిపిన మనిషి ఖాతాకు ఉన్న అధికారంతోనే నడుస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని ఇంట్లో వేసుకున్నప్పుడు మొదట ఏర్పడే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతాయే, చాలా ఇళ్ళలో రోజువారీ పనులన్నీ అందులోనే జరిగేవి. అంటే ఒక పాటల ఫైలు అనుకుని నొక్కిన దానికి కూడా విండోస్ ఫోల్డర్‌లో రాసే అధికారం, ఇతరుల ఖాతాలను మార్చే అధికారం, యాంటీవైరస్‌ను ఆపే అధికారం వచ్చేసేవి. ఈ పరిస్థితిని సరిదిద్దడానికి 2007లో ఇళ్ళకు వచ్చిన విండోస్ విస్టాలో యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే ఏర్పాటును పెట్టారు. విస్టాలో అది అతిగా అడుగుతున్నదని జనం మొత్తుకోవడంతో, 2009లో వచ్చిన విండోస్ 7లో నాలుగు మెట్ల మీటను చేర్చారు. తమ్ముడు దించినది ఆ మీటనే. మ్యాక్‌లోనైనా లినక్స్‌లోనైనా ఇలాంటి మార్పులకు పాస్‌వర్డ్ అడగడం ఉన్నదే.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో లోపలికి వచ్చిన వ్యక్తికి విండోస్ నిజానికి రెండు తాళాల గుత్తులు తయారుచేస్తుంది. ఒకటి మామూలు పనులకు సరిపోయే చిన్న గుత్తి, రెండవది ఇంట్లోని బీరువాలు, దొడ్డి తలుపు, అటక అన్నీ తెరిచే పెద్ద గుత్తి. మీరు తెరిచే ప్రోగ్రాములన్నిటికీ అది మొదట చిన్న గుత్తినే ఇస్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ పెద్ద గుత్తి కావాలన్నప్పుడు, ఇవ్వమంటారా అని మిమ్మల్ని అడుగుతుంది. మసకబారిన తెర మీద వచ్చే పెట్టె ఆ ప్రశ్నే. మీరు యస్ నొక్కితే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు పెద్ద గుత్తి చేతికి వస్తుంది, నో నొక్కితే రాదు. నెవర్ నోటిఫై పెట్టుకున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఎవరు అడిగితే వారికి ఆ గుత్తిని చప్పుడు లేకుండా అందించేస్తుంది.

తెర ఎందుకు మసకబారుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అది అలంకారం కోసం పెట్టినది కాదు. ఆ సమయంలో విండోస్ మన ప్రోగ్రాములన్నిటినీ వెనకకు నెట్టి, ఆ పెట్టెను వేరే తెర మీద చూపిస్తుంది. మామూలు ప్రోగ్రాములు ఆ తెర మీదికి రాలేవు కనుక, దొంగ ప్రోగ్రామ్ ఏదైనా మన బదులు తానే యస్ నొక్కేసే వీలు ఉండదు. మీటను పైనుంచి మూడవ మెట్టులో పెడితే పెట్టె వస్తుంది గానీ తెర మసకబారదు, ఈ రక్షణ పోతుంది. మొదటినుంచి ఉండే రెండవ మెట్టులోనే ఉంచండి.

ఇక పెట్టెను చదవడం. ఇందులో చూడవలసినవి ప్రోగ్రామ్ పేరు, పబ్లిషర్ పేరు, ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది అన్న వరుస. తయారుచేసిన సంస్థ డిజిటల్ సంతకం సరిపోయినప్పుడు పెట్టె పైభాగం నీలంగా ఉండి, వెరిఫైడ్ పబ్లిషర్ అన్న మాట పక్కన ఆ సంస్థ పేరు కనిపిస్తుంది. సంతకం లేనప్పుడు పైభాగం పసుపు రంగులో ఉండి, పబ్లిషర్ దగ్గర అన్‌నోన్ అని ఉంటుంది. పసుపు కనపడగానే అది వైరస్ అని నిర్ణయించుకోనక్కరలేదు, చిన్న సంస్థల మంచి ప్రోగ్రాములకు కూడా సంతకం లేకపోవచ్చు. అలాగే నీలం కనపడినంత మాత్రాన అది మంచిదే అని హామీ లేదు, సంతకం అది ఎవరిదో చెబుతుంది గానీ వారి బుద్ధిని చెప్పదు. నన్ను అడిగితే రంగుకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ పెట్టె రావడానికి కారణమైన పనిని ఇప్పుడు నేనే మొదలుపెట్టానా? మీరు ఏమీ వేయకుండా, ఏదో వార్త చదువుకుంటుండగా తెర మసకబారితే నో నొక్కండి. నో నొక్కితే ఏదీ పాడవదు. అవసరమైన పనే అయితే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు, పెట్టె మళ్ళీ వస్తుంది. యస్ నొక్కినదాన్ని మాత్రం అంత తేలికగా వెనక్కి తీసుకోలేము.

అయితే రోజుకు పదిసార్లు యస్ నొక్కే వేలికి అది అలవాటైపోతుంది. అందుచేత రోజువారీ ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా, అంటే చిన్న గుత్తి మాత్రమే ఉండే మామూలు ఖాతాగా, మార్చుకోవడమే నేను అందరికీ చెప్పే మందు. అప్పుడు ఆ పెట్టె యస్, నో అని మాత్రమే అడిగి ఊరుకోదు, అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టమంటుంది. కొట్టడానికి పట్టే ఆ కొన్ని క్షణాల్లో మనిషి పెట్టెను చదువుతాడు.

ఈ మార్పు చేసేటప్పుడు వరుస తప్పకూడదు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్‌లో అదర్ యూజర్స్ దగ్గరకు వెళ్ళాలి. విండోస్ 10 ఉన్నవారికి అదే చోటు ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్ అన్న పేరుతో ఉంటుంది. అక్కడ ముందుగా ఒక కొత్త ఖాతా సృష్టించి, దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, చేంజ్ అకౌంట్ టైప్ నొక్కి దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చండి. తర్వాత పాత ఖాతా నుంచి బయటకు వచ్చి, కొత్త ఖాతాలోకి నిజంగా వెళ్ళి, ఆ పాస్‌వర్డ్ పనిచేస్తున్నదని మీ కళ్ళతో చూసుకోండి. ఆ తర్వాతే, ఆ కొత్త ఖాతాలో కూర్చుని, పాత ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా దించండి. పాత ఖాతాలోని ఫోటోలు, డెస్క్‌టాప్, సేవ్ చేసుకున్న పేజీలు ఎక్కడివి అక్కడే ఉంటాయి, మారేది అధికారం ఒక్కటే. కొత్త ఖాతా పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి, బీరువాలో ఇంటి పన్ను రసీదులతో పాటు పెట్టండి. అది పోతే ఇంటిల్లిపాదికీ తిప్పలు తప్పవు.

ఇలా చేస్తే చిన్న పనికి కూడా పాస్‌వర్డ్ కావాలేమో అని బాబాయి సందేహపడ్డారు. బ్రౌజర్, వర్డ్, వీడియో కాల్, వైఫై, వీటిలో దేనికీ అక్కరలేదు. తమ్ముడిని చిక్కులో పడేసిన ఫాంట్‌నే తీసుకోండి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి స్టాండర్డ్ ఖాతా ఉన్నవారు కూడా తమవరకు ఫాంట్ వేసుకోవచ్చు. ఫాంట్ ఫైలు మీద కుడి మీట నొక్కితే ఇన్‌స్టాల్ అని ఒకటి, ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని ఇంకొకటి కనిపిస్తాయి. రెండవదాని పక్కన నీలం, పసుపు రంగుల్లో చిన్న డాలు బొమ్మ ఉంటుంది. డాలు బొమ్మ ఎక్కడ కనపడినా, అది నొక్కితే పెద్ద గుత్తి అడుగుతుందని అర్థం. అసలు తమ్ముడికి ఆ ఫాంట్ అవసరమే లేదు. విండోస్‌తో పాటే వచ్చే నిర్మలా యూఐ అన్న ఒక్క ఫాంట్‌లో తెలుగు అక్షరాలూ ఒడియా అక్షరాలూ రెండూ ఉన్నాయి. 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగుకూ ఒడియాకూ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డులు కూడా విండోస్‌లోనే దొరుకుతున్నాయి. భాషల సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే చాలు.

ఈ ఏర్పాటు చేయలేని పని కూడా చెప్పాలి. స్టాండర్డ్ ఖాతాలో నడిచే చెడ్డ ప్రోగ్రామ్ విండోస్‌ను పాడుచేయలేకపోవచ్చు గానీ, ఆ ఖాతావారి సొంత ఫోటోలను, కాగితాలను తాకగలదు, ఎందుకంటే అవి చిన్న గుత్తికే అందుతాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు అంతమాత్రం అధికారం చాలు. కొన్ని ప్రోగ్రాములు ఖాతా ఫోల్డర్‌లోపలే వేసుకుని పెట్టెను అడగనే అడగవు. కనుక ముఖ్యమైనవాటికి ఇంకొక నకలు వేరే డ్రైవ్‌లో ఉండి తీరాలి.

చివరగా ఫోన్ మోసాల సంగతి. బ్యాంకు నుంచి అనో కంప్యూటర్ సంస్థ నుంచి అనో చెప్పుకుని, దూరం నుంచి మన తెర చూపించే ప్రోగ్రామ్ వేయించేవారు ఉన్నారు. ఆ ప్రోగ్రామ్ మామూలు అధికారంతో నడుస్తున్నంతసేపు, తెర మసకబారినప్పుడు వచ్చే పెట్టె అవతలివాడికి కనపడదు, దానిమీద నొక్కడం వాడి చేతిలో ఉండదు. అందుకే వాడు "ఇప్పుడు ఒక పెట్టె వస్తుంది మేడమ్, యస్ నొక్కండి" అని మనచేత నొక్కించాలని చూస్తాడు. మనకు మనంగా సహాయం కోరకుండా వచ్చిన ఫోన్‌లో ఎవరైనా యస్ నొక్కమన్నా, పాస్‌వర్డ్ కొట్టమన్నా, ఫోన్ పెట్టేసి ఇంటర్నెట్ తీసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మొన్న పిన్ని ఇంట్లో కొత్త ప్రింటర్ పెట్టినప్పుడు తెర మసకబారింది. నేను పక్కనే ఉన్నాను గానీ మాట్లాడలేదు. పిన్ని కళ్ళజోడు సర్దుకుని, పబ్లిషర్ పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, ప్రింటర్ డబ్బా మీద ఉన్న పేరుతో పోల్చి చూసి, అప్పుడు లేచి కాగితం కోసం బీరువా తెరిచింది.