ఒకే ఇంట్లో ఇద్దరికి డెంగీ: దోమ లెక్క

(దృశ్యం: గోడ క్యాలెండర్. సోమవారం మీద ఎర్ర చుక్క, బుధవారం మీద ఇంకొకటి.)

సోమవారం అన్నకు జ్వరం, బుధవారం చెల్లికి. పరీక్ష చేస్తే ఇద్దరికీ డెంగీయే. అన్నను కుట్టిన దోమ చెల్లికి అంటించిందంటారు ఇంట్లోవాళ్లు. రెండు రోజుల్లో ఆ పని దోమ వల్ల కాదు.

(దృశ్యం: కాళ్ల మీద తెల్ల చారలున్న నల్ల దోమ చేతి మీద వాలుతుంది. సూది దగ్గరగా.)

ఇది ఏడిస్ ఈజిప్టై. కుట్టేది ఆడదే; గుడ్లు పెట్టాలంటే దానికి రక్తం కావాలి. దాని సూదిని సిరంజీ అనుకోకండి. లోపల రెండు దారులున్నాయి: ఒకదాంట్లో రక్తం పైకి, ఇంకోదాంట్లో ఉమ్మి కిందికి. తాగిన రక్తాన్ని దోమ మనలోకి తిరిగి ఎక్కించదు. వైరస్ మనకు చేరాలంటే దాని ఉమ్మిలోకి రావాలి.

(దృశ్యం: దోమ పొట్ట అడ్డకోత. ఎర్ర చుక్కలు పేగు గోడను దాటి తలవైపు పాకుతాయి.)

రోగి రక్తంలో వైరస్ జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే ఉంటుంది, జ్వరం మొదలయ్యాక మరో నాలుగైదు రోజులు. అప్పుడు తాగిన రక్తం నుంచి వైరస్ పేగు గోడ కణాల్లో దూరి పెరుగుతుంది. అక్కడి నుంచి ఒంట్లోని ద్రవంలోకి దిగి, చివరికి లాలాజల గ్రంథులను పడుతుంది. 25 నుంచి 28 డిగ్రీల వేడిలో ఇందుకు 8 నుంచి 12 రోజులు. ఏడిస్ బతికేదే రెండు మూడు వారాలు కాబట్టి చాలా దోమలు ఈలోపే చస్తాయి. మిగిలినవి చచ్చేదాకా వైరస్‌ను మోస్తూనే ఉంటాయి. పైగా ఈ దోమ ఒక్కరి దగ్గరే కడుపు నింపుకోదు. చెయ్యి విదిలిస్తే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది.

(దృశ్యం: మళ్లీ క్యాలెండర్.)

కుట్టాక జ్వరం బయటపడటానికి 4 నుంచి 10 రోజులు. దోమలో పట్టే కాలం కూడా కలిపితే 12 నుంచి 22 రోజులు. అంటే ఈ అన్నాచెల్లెళ్లను ఎప్పుడో వైరస్ పట్టిన దోమే దాదాపు ఒకే సమయంలో కుట్టి ఉండాలి. అన్న రక్తం తాగిన దోమ వంతు ఇంకా రాలేదు. అది రెండు మూడు వారాల తర్వాత అమ్మకో, పక్కింటికో.

అందుకే జ్వరం మొదలైన ఐదారు రోజులూ రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. తెర రాత్రికే అన్నది మలేరియా దోమ నేర్పిన అలవాటు. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మలేరియా జాడ పట్టుకున్నది అనాఫిలిస్ దోమలో. అది రాత్రి కుడుతుంది. ఏడిస్ జోరు పొద్దెక్కాక, మళ్లీ పొద్దుగూకే ముందు.

(దృశ్యం: గాబు లోపలి గోడ, నీటి అంచు దగ్గరగా.)

అంచుకు కాస్త పైన మసి రవ్వల్లా కనిపిస్తున్నవి గుడ్లు. ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు వాటిదాకా ఎక్కగానే పొదుగుతాయి. ఆ తర్వాత దోమ కావడానికి వారం, పది రోజులు. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్లు నిలిచే పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, వారానికోసారి పెట్టింది ఇందుకే. అయితే నీళ్లు పారబోసి మళ్లీ నింపేస్తే గుడ్లు గోడకే ఉంటాయి. గోడను పీచుతో గట్టిగా రుద్ది, ఆ నీళ్లను ఎండిన నేల మీద పోయండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు కూడా ఇలాగే. ఫాగింగ్ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది కానీ, మంచం కింద, వేలాడే బట్టల వెనక నక్కినవాటిని చాలావరకు తాకదు. గుడ్లనైతే అసలేమీ చెయ్యదు.