సంతకం కింద ఎవరి పేరు?

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి చేతిలో పని ఉంది. గోడ కట్టడం, వైరింగ్ లాగడం, పైపులు బిగించడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇన్నాళ్లూ ఒకరి కింద చేశారు, ఇక సొంతంగా కాంట్రాక్టులు పట్టాలనుకుంటున్నారు. అలాంటివాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఖర్చు ఎంత?" అది ఎక్కడికక్కడ మారే సంగతి. ఏ పనికి లైసెన్సు కావాలో, ఏ పన్ను కింద నమోదు కావాలో స్థానిక ఆఫీసులో కనుక్కుంటే తెలిసిపోతుంది. నేను మాట్లాడాలనుకున్నది వేరు. పని చెడిపోయి నష్టం వస్తే ఎవరి ఇల్లు పోతుంది?

సొంత పేరు మీదే మొదలుపెడితే, చట్టం కంటికి మీరూ మీ వ్యాపారమూ ఒక్కటే. మీరు వేసిన పైపు జాయింటు రాత్రికి రాత్రి ఊడి, కింది అంతస్తులో చెక్క ఫ్లోరింగ్ మొత్తం ఉబ్బిపోయిందనుకోండి. వ్యాపారం ఖాతాలో ఉన్నదాంతో సరిపెట్టుకోరు. మీ బండి, మీ పొదుపు, మీ ఇంటి దాకా వస్తారు. ఇద్దరు కలిసి చేస్తే ఇంకా జాగ్రత్త. కాగితం రాసుకోలేదు కాబట్టి మాది పార్ట్‌నర్‌షిప్ కాదంటే చాలాచోట్ల చెల్లదు. కలిసి పని పట్టి లాభం పంచుకుంటే, అదే పార్ట్‌నర్‌షిప్. మీ జతగాడు వ్యాపారం కోసం సరుకు అరువు తెచ్చి ఎగ్గొడితే, ఆ బాకీ మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

దీనికి విరుగుడు కంపెనీ. అది మనకెలా అండ అయిందో చెప్పాలంటే లండన్ వెళ్లాలి. ఆరన్ సాలమన్ అనే ఆయన అక్కడ తోలు బూట్లు చేయించేవాడు, ప్రభుత్వానికి కూడా సరఫరా చేసేవాడు. 1892లో వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టం ప్రకారం ఏడుగురు వాటాదారులు ఉండాలి. భార్యకూ ఐదుగురు పిల్లలకూ తలా ఒక్క వాటా ఇచ్చి, 20,001 వాటాలు తనే ఉంచుకున్నాడు! కొద్దికాలానికే కంపెనీ మునిగింది. పేరుకే కంపెనీ, ఉన్నది ఆయనొక్కడే, దాని అప్పులు ఆయనే కట్టాలి అని గొడవ. కింది కోర్టులు ఔనన్నాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు, కాదంది: కంపెనీ వేరు, మనిషి వేరు, అప్పు కంపెనీది. డబ్బు రాని అప్పులవాళ్లను తలుచుకుంటే నాకు జాలే. అయినా చిన్న కాంట్రాక్టర్లు ఇవాళ్టికీ నిలబడుతున్నది ఆ సూత్రం మీదే.

కంపెనీకీ మనకీ మధ్య నిలిచిన ఆ గోడకు కన్నం పెట్టేది మాత్రం చాలాసార్లు మనమే. కంపెనీ డబ్బుతో ఇంటి ఫీజులు కట్టి, ఇంటి డబ్బుతో కూలీలకిస్తే, రేపు కోర్టులో మేం వేరువేరని అనడం కష్టమవుతుంది. అందుకే మొదటి రోజే వేరే ఖాతా తెరవండి. ఇక సంతకం. ఒప్పందం కింద ఉత్త పేరు గీకితే మాట ఇచ్చింది మీరేనని పట్టుకుంటారు. కంపెనీ పూర్తి పేరు రాసి, "తరఫున" అని, మీ హోదా వేసి సంతకం పెడితే ఇచ్చింది కంపెనీ. ఒక్క లైను తేడా.

ఇంకో మాట దాచను. మీ చేతి పొరపాటు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, కంపెనీ ఉన్నా మీ మీద నేరుగా దావా వేయవచ్చు. దానికి మందు ఇన్సూరెన్సే. పని మొదలుపెట్టాక కాదు, ముందే.

మనుషుల సంగతి. "వీళ్లు నా పనివాళ్లు కాదు, సబ్ కాంట్రాక్టర్లు" అని కాగితం మీద రాసుకుంటే పని అయిపోదు. ఎన్నింటికి రావాలో మీరే చెప్పి, పనిముట్లు మీరే ఇచ్చి, వేరేచోటికి పోనివ్వకపోతే వాళ్లు ఉద్యోగులే కావచ్చు. పెట్టిన పేరు కాదు, నిజంగా జరుగుతున్నది చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లోనే సిఫార్సు చేసింది. తేడా వస్తే పాత పన్నులు, బీమా బకాయిలు ఒకేసారి నెత్తిన పడతాయి.

నా దృష్టిలో చిన్న కాంట్రాక్టర్‌ను ముంచేది పెద్ద దావాలకంటే ఎక్స్‌ట్రా పనులే. ఓనరు మధ్యలో వచ్చి, "ఈ స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి పోతోంది, అటు గోడకి మార్చేయండి" అంటారు. మీరు మొహమాటంతో సరేనంటారు. గోడ మళ్లీ కొట్టాలి, వైరు మళ్లీ లాగాలి, ప్లాస్టరింగ్, రంగు. ఆఖరి బిల్లు దగ్గర "అది మీరు కలిపే చెప్పారనుకున్నానే" అంటారు. ఆయన అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అలా అనుకున్నారు. అక్కడే నిలబడి ఫోన్లో మెసేజ్ పెట్టండి: ఏం మారుతోంది, ఎంత అదనం, ఎన్ని రోజులు ఎక్కువ. "ఓకే" అని జవాబు వచ్చాకే సుత్తి పట్టండి. మార్పులన్నీ రాతపూర్వకంగానే ఉండాలని అసలు ఒప్పందంలోనే ఒక షరతు పెట్టుకుంటే, అడగడానికి మొహమాటం కూడా ఉండదు.

ఇక ప్రశ్నలకు వద్దాం. దానికి ముందు, మీలో ఎవరి దగ్గరైనా సరుకు అరువిచ్చే షాపువాళ్ల ఫారం ఉంటే బయటికి తీయండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో వ్యక్తిగత గ్యారంటీ అని ఉందేమో చూడండి. దానికింద సంతకం పెట్టి ఉంటే, ఆ అరువు వరకు మీకు కంపెనీ ఉన్నా లేనట్టే. ఎవరికైనా కనిపించిందా?