కరస్పాండెంట్ గదికీ ప్రిన్సిపల్ గదికీ మధ్య: ప్రైవేటు పాఠశాలను నడపడం ఎలా?

[తెరపై: జూన్ రెండో వారం. పాఠశాల ఆఫీసు కిటికీ ముందు తల్లిదండ్రుల వరుస.]

నమస్కారం. ఐదో తరగతి పూర్తయిన కొడుకును జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేర్పించాలనుకున్న ఒక తండ్రి టీ.సీ. (బదిలీ పత్రం) కోసం ఈ కిటికీ ముందుకు వచ్చాడనుకుందాం. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, నిరుటి మూడో టర్మ్ ఫీజు బాకీ ఉందనీ, కరస్పాండెంట్ గారు చెబితే తప్ప టీ.సీ. ఇవ్వడానికి వీల్లేదనీ అంటాడు. ప్రిన్సిపల్ గారిని అడిగితే ఫీజు సంగతి తమ చేతిలో లేదంటారు. కరస్పాండెంట్ గారేమో ఊళ్ళో లేరు, ఫోను ఎత్తరు. మన తెలుగు రాష్ట్రాల్లో చిన్న, మధ్య తరహా ప్రైవేటు పాఠశాలలు చాలావరకు ఇలాగే ఒక మనిషి ఫోను మీద నడుస్తున్నాయి.

ఈ కేసులో చట్టం చెప్పేది మాత్రం సూటిగా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షను ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు చదువుతూ ప్రభుత్వ లేదా ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటు పొందే) పాఠశాలకు మారే విద్యార్థికి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీ.సీ. ఇవ్వాలి, ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య ఎదుర్కోవలసింది కూడా ఆయనే. టీ.సీ. రాలేదన్న కారణంతో చేర్చుకోవడం ఆలస్యం చేసే అధికారం కొత్త పాఠశాలకూ లేదు. అంటే టీ.సీ. ఆపేది ఒకరు, చట్టం ముందు సంజాయిషీ చెప్పుకోవలసింది మరొకరు. కనుక ఏ నిర్ణయం ఏ గదిలో జరగాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోవడాన్నే ఈ వీడియోలో పాలసీ అంటున్నాను.

[తెరపై: సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, గుర్తింపు ఉత్తర్వు.]

ముందు యాజమాన్యం సంగతి చూద్దాం. వాడుకలో మనం "ఫలానా వారి స్కూలు" అంటాం కానీ, గుర్తింపు కోరే పాఠశాల రిజిస్టరైన సొసైటీ లేదా పబ్లిక్ ట్రస్టు ఆధ్వర్యంలో ఉండాలనీ, ఏ వ్యక్తి లాభం కోసమూ నడవకూడదనీ 2010 నాటి విద్యాహక్కు నియమాలు చెబుతున్నాయి. చట్టం దృష్టిలో కరస్పాండెంట్ ఆ సంస్థ తరఫున సంతకం చేసే బాధ్యుడే గానీ యజమాని కాదు. గుర్తింపు లేకుండా నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు 10,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. కాబట్టి గుర్తింపు గడువు తేదీ, అగ్నిమాపక శాఖ పత్రం, భవన పటిష్ఠత ధ్రువీకరణ, యూడైస్ (పాఠశాలల వివరాల జాతీయ డేటాబేస్) నమోదు అన్నీ కరస్పాండెంట్ గది ఫైళ్ళు. వీటిని ప్రిన్సిపల్ నెత్తిన వేస్తే ఆయన తరగతి గది వైపు వెళ్ళడానికి తీరిక ఉండదు.

ఇక అసలు చిక్కు డబ్బు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994 జనవరి 1న ఇచ్చిన జీవో నంబరు 1 ఫీజు ఆదాయాన్ని ఎలా పంచాలో చెప్పింది: యాజమాన్యానికి 5 శాతం, సిబ్బంది జీతాలకు 50 శాతం, పాఠశాల నిర్వహణకు 15 శాతం, అభివృద్ధికి 15 శాతం, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ వంటి సిబ్బంది సంక్షేమానికి 15 శాతం. ఈ జీవో పేరు తెలియని కరస్పాండెంట్ ఉండరు. దాన్ని పక్కన పెట్టుకుని బడ్జెట్ వేసుకునేవారు మాత్రం అరుదు.

[తెరపై: నల్లబల్ల మీద లెక్క.]

ఒక లెక్క వేసి చూద్దాం. 300 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 రూపాయల ఫీజు అనుకుంటే మొత్తం 60 లక్షలు. జీతాలకు 30 లక్షలు. టీచర్లు, ఆయాలు, గుమాస్తా, వాచ్‌మన్ కలిపి 16 మంది ఉంటే, 12 నెలలకు పంచగా సగటున నెలకు 15,625 రూపాయలు వస్తుంది. ఇప్పుడు ఫీజులో అయిదో వంతు వసూలు కాలేదనుకోండి. ఆదాయం 48 లక్షలకు, సగటు జీతం 12,500కు పడిపోతుంది. అద్దె, కరెంటు, రిపేర్లు 60 లక్షల లెక్కన ఉన్న 15 శాతంలో, అంటే నెలకు 75,000లో ఇమడాలి; పట్టణం నడిబొడ్డున అద్దె భవనంలో ఉన్న పాఠశాలకు అది సరిపోదని ఎవరైనా చెప్పగలరు. దొడ్డిదారి వసూళ్ళు పుట్టేది ఇక్కడే: పుస్తకాల కట్ట, యూనిఫాం, "స్పెషల్ ఫీజు". చేర్చుకునేటప్పుడు ప్రకటించిన ఫీజు కాక అదనంగా ఏ పేరుతో తీసుకున్నా అది విద్యాహక్కు చట్టం 13వ సెక్షను కింద క్యాపిటేషన్ ఫీజే (నిషిద్ధమైన అదనపు వసూలే) అవుతుంది, దానికి పది రెట్ల వరకు జరిమానా ఉంది. ఆ సెక్షనే పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ప్రవేశ పరీక్ష పెట్టడాన్నీ నిషేధించింది.

అలాగని మిగులు ఉండనే కూడదని కాదు. 2002లో టీ.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, అన్‌ఎయిడెడ్ సంస్థలు తమ ఫీజును తామే నిర్ణయించుకోవచ్చనీ, సంస్థ విస్తరణకు సరిపడా మిగులు చూసుకోవచ్చనీ, లాభాపేక్ష మాత్రం కూడదనీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ప్రైవేటు పాఠశాలల ఫీజులను ఖరారు చేస్తూ వచ్చిన జీవోను అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టివేసింది కూడా. ఫీజు నిర్ణయం మీ చేతిలో ఉన్నప్పుడు దాని లెక్క చూపే బాధ్యతా మీదే.

అందుకే ఫీజు పాలసీలో నాలుగు సంగతులు తేలిపోవాలి: టర్మ్ గడువులు, అన్నదమ్ములిద్దరు చదివితే ఇచ్చే రాయితీ, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబానికి వాయిదాల పద్ధతి, ఆ రాయితీ మీద సంతకం ఎవరిదన్నది. నా అభిప్రాయంలో ఈ సంతకం ఒక్క కరస్పాండెంట్‌ది కాకూడదు. పిల్లవాడి ఇంటి పరిస్థితి తెలిసిన ప్రిన్సిపల్ సిఫారసు రాయాలి, కరస్పాండెంట్ మంజూరు చేయాలి. ఇద్దరి సంతకాలుంటే, ఎమ్మెల్యే గారి మనిషి వచ్చి అడిగినా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. పాత బాకీకి మాత్రం పిల్లవాడిని పరీక్ష హాలు బయట నిలబెట్టడం మార్గం కాదు. తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేసి, టీ.సీ. సంగతి, బాకీ సంగతి వేరు చేసి చూడాలి.

ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, గ్రాట్యుటీ గురించి ఒక్క మాట. టీచర్లకు అది వర్తించదని చాలామంది యాజమాన్యాల నమ్మకం. 2009లో చేసిన గ్రాట్యుటీ చట్ట సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచే వారికి వర్తింపజేసింది, ఆ సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో సమర్థించింది. సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్క కట్టే ఆ మొత్తాన్ని ఏటా పక్కన పెట్టకపోతే, పదిహేనేళ్ళు పనిచేసిన టీచరు వెళ్ళిపోయే రోజున ఒకేసారి మీద పడుతుంది.

[తెరపై: టైంటేబుల్ అతికించిన స్టాఫ్ రూం గోడ.]

ప్రిన్సిపల్ గదికి వద్దాం. ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు, 1,000 గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం అనుబంధం చెబుతోంది. టీచరుకు వారానికి 45 గంటలని కూడా ఉంది, అయితే పాఠం సిద్ధం చేసుకునే సమయం అందులోదే. వేసవిలో అడ్మిషన్ల కోసం టీచర్లను ఇంటింటికీ తిప్పే అలవాటు మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, దాన్ని ఎవరూ ప్రశ్నించనే ప్రశ్నించరు. టీచరు పని ఏదో, ఏది కాదో నియామక పత్రంలోనే రాయాలి.

క్రమశిక్షణ పాలసీలో బెత్తానికి చోటు లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. అందరి ముందు బాకీ పేర్లు చదవడం రెండో దాని కిందికే వస్తుందని నేనంటాను. ఇంతకంటే తీవ్రమైన సంగతి పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినప్పుడు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి ఆ చట్టం కింద తప్పనిసరి. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని కప్పిపుచ్చిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. "ముందు యాజమాన్యానికి చెప్పాలి" అన్న వాక్యం మీ పాలసీలో ఉంటే ఈరోజే కొట్టివేయండి.

[తెరపై: పసుపు రంగు బస్సుల వరుస.]

బస్సు, భవనం రెండు గదుల ఉమ్మడి బాధ్యత. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల పూరికప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే 2009లో సుప్రీంకోర్టు దేశంలోని పాఠశాలలన్నింటికీ అగ్నిమాపక ఏర్పాట్లు తప్పనిసరి చేసింది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద పాఠశాల బస్సును రైలు ఢీకొన్న ఉదయాన్ని మనలో చాలామంది మరిచిపోలేదు. మన రాష్ట్రాల్లో పాఠశాల బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది, కాబట్టి జూన్ 12న బడులు తెరిచి పిల్లలు ఎక్కే లోపు మళ్ళీ తెచ్చుకోవాలి. డ్రైవరు సెలవు పెట్టిన రోజు ఎవరు నడపాలన్నది మాత్రం ఏ పత్రమూ చెప్పదు. ప్రత్యామ్నాయ డ్రైవరు పేరు, లైసెన్సు నకలు ముందే ఫైల్లో ఉండాలి. అతను లేకపోతే బస్సు కదలకూడదు, ఆ సంగతి ఉదయం ఆరున్నరలోపు తల్లిదండ్రుల ఫోన్లకు చేరాలి.

ఇవన్నీ ఎవరు ఆమోదించాలి? విద్యాహక్కు చట్టంలోని పాఠశాల యాజమాన్య కమిటీ అన్‌ఎయిడెడ్ పాఠశాలలకు తప్పనిసరి కాదు. అయినా ఏప్రిల్‌లో జరిగే సొసైటీ సమావేశానికి ఇద్దరు తల్లిదండ్రులను, ఒక టీచరును పిలిచి, ఫీజు, రాయితీ, క్రమశిక్షణ, బస్సు, ఫిర్యాదులకు సంబంధించిన నియమాలను వారి ముందు చదివి తీర్మానం రాయండి. తర్వాత వాటిని తెలుగులో అచ్చువేసి, అడ్మిషన్ ఫారంతోపాటే ఇచ్చి, ఒక ప్రతి మీద సంతకం తీసుకోండి. పేజీ అడుగున తీర్మానం సంఖ్య, తేదీ, మళ్ళీ సమీక్షించే నెల వేయండి. ఆ పేజీ నకలు ఒకటి ఆఫీసు కిటికీ పక్కన, గుమాస్తా చేతికి అందే ఎత్తులో అతికించండి.