చారానా కోడికి బారానా మసాలా? పాత 520డి బాగు చేయించాలా, వదిలించుకోవాలా

నమస్కారమండీ. బండి లిఫ్ట్ మీద ఉంది. చేతిలో నాలుగు పేజీల ఎస్టిమేట్ ఉంది. చివరి పేజీలో కింద మొత్తం చూస్తే 5 లక్షల 40 వేలు. అలాంటప్పుడు పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "చారానా కోడికి బారానా మసాలా ఎందుకన్నా, వచ్చినకాడికి అమ్మేయ్." మాట బాగానే ఉంది. లెక్కే తప్పు. కోడి ఖరీదొక్కటే చూస్తే ఎలా? ఈ మసాలా ఎన్ని పూటలకొస్తుందో చూడాలి, ఇంకో కోడి తెస్తే దానికెంతవుతుందో కూడా చూడాలి.

ఈ వీడియోకి ఒకటే బండి తీసుకుందాం. 2012 మోడల్ బీఎండబ్ల్యూ 520డి, ఎఫ్10 బాడీ (ఆ తరం 5 సిరీస్‌కి కంపెనీ పెట్టుకున్న కోడ్), చెన్నై ప్లాంటులో బిగించినది. మీటర్ మీద 1,85,000 కిలోమీటర్లు. ఇంజిన్ పేరు ఎన్47: 1995 సీసీ డీజిల్, నాలుగు సిలిండర్లు, 184 హార్స్‌పవర్. దానికి జెడ్‌ఎఫ్ వాళ్ల 8 గేర్ల ఆటోమేటిక్. మీది బెంజ్ అయినా, ఆడి అయినా ఆలోచించే పద్ధతి ఇదే. పార్టుల పేర్లు మారతాయి అంతే.

ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకముందు, "అమ్మేస్తా" అనకముందు, చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటికయ్యే ఖర్చు ఆ 5 లక్షల ముందు ఏపాటిది కాదు.

మొదటిది టైమింగ్ చైన్, అంటే వాల్వుల కదలికను పిస్టన్లతో కలిపి నడిపే గొలుసు. ఈ ఇంజిన్‌లో చైన్ ముందువైపు ఉండదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అంటే ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ దించకుండా దాన్ని చేరుకోలేం. అందుకే అంత బిల్లు. చైన్ సాగుతుంది, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు అరిగి విరుగుతాయి. తెగిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఆ తర్వాత మాట్లాడుకోవాల్సింది రిపేర్ గురించి కాదు, వేరే ఇంజిన్ గురించి. 2011 తర్వాతి ఇంజిన్లలో ఈ బెడద తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

వినడం ఎలాగంటే, బండి రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమని, మీరు అద్దం కిందివైపు, అంటే ఇంజిన్ వెనక భాగం దగ్గర చెవి పెట్టండి. డీజిల్ టకటక వేరు. గొలుసు రేకుకు రాసుకున్నట్టు గరగరమనే శబ్దం వేరు. 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య అది ఇంకాస్త తేలిగ్గా తెలుస్తుంది. షెడ్డుకి తీసుకెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కిపోతుంది, శబ్దం తగ్గిపోతుంది. "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటారు. అందుకని బండిని ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలేయండి.

శబ్దం లేకపోయినా ఇంకో పరీక్ష ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. ఆయిల్ ఫిల్టర్ తీసినప్పుడు పారేయనివ్వకండి. పైనా కిందా కోసి, మడతల కాగితాన్ని విప్పి, ఒక న్యూస్‌పేపర్ మీద పరిచి ఆయిల్ కారనివ్వండి. తర్వాత ఎండలో పట్టుకుని చూడండి. నల్లగానో గోధుమ రంగులోనో గోరు ముక్కల్లాంటి గట్టి పెచ్చులు కనబడితే అది గైడ్ ప్లాస్టిక్. మెరిసే రజను కనబడితే అయస్కాంతం దగ్గరపెట్టండి. అంటుకుంటే ఇనుము, చైన్ వైపు అనుమానం. అంటుకోకుండా మెరుస్తుంటే బేరింగ్ మెటలో అల్యూమినియమో అయి ఉంటుంది, అది చైన్ కన్నా చెడ్డ వార్త. ఈ రెండో రకం పిడికెడు కనబడ్డ ఇంజిన్ మీద చైన్ ఖర్చు పెట్టడం దండగ.

రెండోది డీపీఎఫ్, అంటే పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్. ఎస్టిమేట్‌లో "డీపీఎఫ్ జామ్, మార్చాలి" అని రాసి ఉంటుంది. ఇక్కడ ఆగి అడగండి: ఎందుకు జామ్ అయింది? ఎందుకంటే చాలాసార్లు దొంగ వేరేచోట ఉంటాడు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపి ఉంచాల్సిన వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునే ఉండిపోతుంది. ఇంజిన్ దాదాపు 88 డిగ్రీల దగ్గర నడవాల్సింది 65, 70 దగ్గరే తిరుగుతుంది. ఇంజిన్ ఓ 75 డిగ్రీలైనా దాటకపోతే ఫిల్టర్‌లోని మసిని కాల్చేసే పని మొదలే కాదు. ఈ బండి డాష్‌బోర్డులో కూలెంట్ వేడి చూపించే ముల్లు లేదు, అందుకని డ్రైవర్‌కి ఏళ్ల తరబడి తెలియదు. హైదరాబాద్‌లో ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఆరేడు కిలోమీటర్లు తిరిగే బండైతే చెప్పనే అక్కర్లేదు.

మసి కాల్చడం కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఈ ఇంజిన్‌లో పట్టేది 5.2 లీటర్ల ఆయిల్. లెవెల్ తగ్గడం పోయి పెరుగుతోందంటే కారణం ఇదే. పలచబడ్డ ఆయిల్‌తో టర్బో బేరింగ్, చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ రెండూ దెబ్బతింటాయి. అంటే థర్మోస్టాట్ ఒక్కటీ సరిగ్గా ఉంటే ఎస్టిమేట్‌లో మూడు పెద్ద లైన్లు ఉండేవే కాదేమో! అందుకే 20 నిమిషాలు రింగ్ రోడ్ మీద తిప్పి, స్కానర్‌లో లైవ్ డేటా చూడండి. కూలెంట్ ఎంత వేడి, డీపీఎఫ్‌కి ముందూ వెనకా పీడనం తేడా ఎంత, చివరిసారి మసి కాల్చి ఎన్ని కిలోమీటర్లయింది. ఈ మూడూ చాలు. ముందు థర్మోస్టాట్, తర్వాత మెషీన్‌లో పెట్టి క్లీనింగ్. అప్పటికీ పీడనం దిగకపోతేనే కొత్త డీపీఎఫ్. "డీపీఎఫ్ లోపలిది కొట్టేద్దాం సార్, ఎవడు చూస్తాడు" అనే సలహా మాత్రం వినకండి. అది చట్టవిరుద్ధం, పైగా రేపు ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు పొగ పరీక్షలో ఇరుక్కునేది మీరే.

గేర్‌బాక్స్ సంగతి. బీఎండబ్ల్యూ వాళ్లు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదంటారు. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. ఎవరి మాట వినాలో చెప్పక్కర్లేదు కదా. 40 నుంచి 60 వేగంలో యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఉంచితే గతుకుల మీద పోతున్నట్టు సన్నగా వణుకుతుందా? ఆయిల్ మార్పుతో పోవచ్చు, ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ దాకా పోయీ ఉండొచ్చు. ఆయిల్ పాన్, ఫిల్టర్ కలిపి ఒకే ప్లాస్టిక్ ముక్కగా వస్తాయి, మార్చేటప్పుడు 5 నుంచి 6 లీటర్ల ఆయిల్ పడుతుంది. నింపడంలోనే తప్పులు జరుగుతాయి: ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, గేర్లన్నీ ఒకసారి వేసి తీయాలి, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే లెవెల్ రంధ్రంలోంచి పొంగనిచ్చి బిగించాలి. స్కానర్ పెట్టకుండా అంచనాతో పోసేవాడికి ఈ పని ఇవ్వకండి.

ఈజీఆర్ కూలర్, అంటే మళ్లీ ఇంజిన్‌లోకి పంపే పొగను చల్లబరిచే భాగం, దాని గురించి ఒక్క మాట. దీంట్లోంచి కూలెంట్ లీకై మసితో కలిసి మంటలు అంటుకునే ప్రమాదం ఉందని 2018లో బీఎండబ్ల్యూ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల డీజిల్ బండ్లను వెనక్కి పిలిచింది. బయట తడి లేకుండా కూలెంట్ తగ్గుతుంటే అనుమానించండి. మీ ఛాసిస్ నంబర్ చెప్పి షోరూంలో కనుక్కోండి, రీకాల్ వర్తిస్తే డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు ఎస్టిమేట్ దగ్గరికొద్దాం. నేను చెప్పే అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మీ షెడ్డువాళ్లు ఇచ్చినవి పెట్టుకోండి. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు 1 లక్షా 40 వేలు. చైన్ సెట్, దాని కూలీ 2 లక్షల 60 వేలు. థర్మోస్టాట్, డీపీఎఫ్ క్లీనింగ్, గేర్‌బాక్స్ ఆయిల్ 90 వేలు. సన్‌రూఫ్ చప్పుడు, డోర్ లైనింగ్, బంపర్ పెయింట్ 50 వేలు.

ఆఖరి 50 వేలు ఈరోజుకి కొట్టేయండి. మిగిలింది 4 లక్షల 90 వేలు. టైర్లూ బ్యాటరీ ఈ బండి తప్పు కాదు, రేపు ఏ సెకండ్ హ్యాండ్ కొన్నా అడిగేవే. చైన్ ఒకసారి సరిగ్గా చేయిస్తే మళ్లీ లక్ష కిలోమీటర్లు దాని ఊసు ఉండకూడదు. భయపడాల్సినవి ఇంకో రకం: వరద నీళ్లు తాగిన వైరింగ్, యాక్సిడెంట్‌లో వంగి లాగి సరిచేసిన ఛాసిస్, ఆయిల్ తాగే ఇంజిన్. వీటికి అంతు ఉండదు. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో ఎన్ని బండ్లు మునిగాయో మనకు తెలిసిందే. కార్పెట్ ఎత్తి సీటు బోల్టులు, కింద కనెక్టర్ల పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే మిగతా లెక్క చెయ్యకండి, అమ్మేయండి. విశాఖ, కాకినాడ వైపు తిరిగిన బండైతే బ్రేక్ పైపుల తుప్పు కూడా.

అలాంటివేం లేవనుకుందాం. రెండేళ్ల లెక్క వేద్దాం. బండిని ఉన్నదున్నట్టు అమ్మితే ఈరోజు 5 లక్షలు వస్తాయి, బాగుచేసి రెండేళ్లు నడిపాక అమ్మినా 5 వస్తాయి అనుకుందాం. రిపేర్ 4.9, రెండేళ్ల మామూలు మెయింటెనెన్స్ 1.5, ఇన్సూరెన్స్ 60 వేలు. మొత్తం 7 లక్షలు, నెలకు 29 వేల పైచిలుకు.

దీన్ని అమ్మేసి 20 లక్షల కొత్త ఎస్‌యూవీ కొంటే? రెండేళ్లకు ధర 6 లక్షలు పడిపోతుంది. పైన పెట్టిన 15 లక్షలకు ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ 3 లక్షలు. ఇన్సూరెన్స్ 1.2, సర్వీస్ 30 వేలు. మొత్తం పదిన్నర, నెలకు దాదాపు 44 వేలు. చిన్న బండికి మారి ఇంత కట్టాలి. అదే 30 లక్షలు పెట్టి 2019 మోడల్ 5 సిరీస్ కొంటే ఇంకా పైకే పోతుంది.

కాబట్టి రిపేరే లాభం అనేసి వెళ్లిపోకండి. అసలు అంకె ఆ 7 లక్షలకీ పదిన్నరకీ మధ్య తేడా, మూడున్నర లక్షలు. రాబోయే రెండేళ్లలో అనుకోని దెబ్బ ఎంతవరకు తట్టుకోవచ్చో చెప్పే అంకె అది. గేర్‌బాక్స్ వణుకుతోంది, ఫిల్టర్‌లో మెరుపు కనబడింది అంటే ఆ మూడున్నర ఒక్క దెబ్బకే పోతుంది. అప్పుడు కొత్త బండే. పరీక్షలన్నీ శుభ్రంగా వస్తే చైన్ చేయించుకోండి. ఏడాదికి 5 వేల కిలోమీటర్లు కూడా తిరగని, ఊళ్లోనే తిరిగే బండైతే మాత్రం అన్నీ బాగున్నా డీజిల్ వదిలేయమనే చెబుతాను, డీపీఎఫ్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇదే మోడల్ ఇంకోటి 8 లక్షలకు కొనడం? మీ బండి జబ్బులు మీకు తెలుసు, దాని జబ్బులు దాని ఓనర్‌కి తెలుసు. ఢిల్లీ బండి చవగ్గా దొరుకుతుందని పోయేవాళ్లు ఇక్కడి లైఫ్ ట్యాక్స్, ఎన్‌ఓసీ ఖర్చు కూడా కలుపుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన నిషేధం వల్ల అమ్ముడైపోయిన బండిని చివరి రెండేళ్లు ఎవరూ ప్రేమగా చూసుకుని ఉండరు.

చేయించాలనుకుంటే, ఒకసారి దించాక అక్కడికి చేరిన పనులన్నీ అప్పుడే కానివ్వండి: క్రాంక్ వెనక ఆయిల్ సీల్, ఇంజిన్ మౌంట్లు, ముందు క్రాంక్ పుల్లీ రబ్బరు పగిలిందేమో చూడటం. కూలీ మళ్లీ కట్టక్కర్లేదు. చైన్‌కి ఇవిస్, సస్పెన్షన్ ఆర్మ్‌లకు లెమ్‌ఫోర్డర్, థర్మోస్టాట్‌కి మాలే, ఇవి డబ్బా మీద బీఎండబ్ల్యూ ముద్ర లేకుండా తక్కువకే దొరుకుతాయి. టెన్షనర్, గైడ్లు మాత్రం సెకండ్స్ వద్దు. ఆటోనగర్‌లో పాత బంపర్, డోర్ తెచ్చుకోండి, పాత గైడ్ తెచ్చుకోకండి. కొత్త బ్యాటరీ వేస్తే స్కానర్‌తో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే ఛార్జింగ్ తప్పుగా జరిగి తొందరగా పోతుంది. ఆ తర్వాత మీటర్ చూపించే గడువు దాకా ఆగకుండా 10 వేల కిలోమీటర్లకోసారి బీఎండబ్ల్యూ ఎల్ఎల్-04 ప్రమాణం ఉన్న ఆయిల్ మార్పించండి.

2012లో రిజిస్టరైన బండికి 2027లో 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఫారం 25తో ఆర్సీ ఐదేళ్లకు పొడిగించుకోవాలి, ఫీజు 5 వేలు, పైన గ్రీన్ ట్యాక్స్. అమ్మాలనుకుంటే రిపేర్ చేయించకుండా ఎస్టిమేట్ కాగితం చూపించే అమ్మండి, మీరు పెట్టిన 4.9 లక్షలూ ధరలో తిరిగి రావు. పేరు మార్పిడి కాగితాలు, అంటే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోకండి. లోన్ ఉంటే అది తీరిందని ఆర్సీలో తీయించడానికి ఫారం 35, వేరే రాష్ట్రం పోతుంటే ఎన్‌ఓసీకి ఫారం 28. ఆర్సీలో పేరు మారిందని పరివాహన్ సైట్‌లో కనబడేదాకా ఆ బండి ఎక్కడ ఎవర్ని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.