యాప్ చెప్పే ఛార్జింగ్ సమయాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విద్యుత్ కార్లలో దూర ప్రయాణాలు చేసేవారి సందేహాలకు ఈ రోజు వాహన ఇంజనీరు గారు సమాధానాలిస్తారు. మొదటి ఫోను అమలాపురం నుంచి. చెప్పండి మాస్టారూ.

అమలాపురం శ్రోత: నమస్కారమండీ. మా కారుది 40 యూనిట్ల బ్యాటరీ. హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్తూ విజయవాడ దాటాక ఛార్జింగుకు ఆగాం. 20 శాతం నుంచి 80 శాతానికి 24 నిమిషాలు చాలని దారి చూపే యాప్ చెప్పింది, తీరా ముప్పావు గంట పట్టింది. లోపం కారులో ఉందా, స్టేషనులో ఉందా?

ఇంజనీరు: ఛార్జరు తెర మీద కిలోవాట్లు ఎన్ని కనిపించాయో గమనించారా మాస్టారూ?

అమలాపురం శ్రోత: గమనించానండీ. మొదట 44 ఉంది. పావుగంటకు మరో కారు వచ్చి అదే ఛార్జరుకున్న రెండో గన్, అంటే కారుకు తగిలించే ప్లగ్గు, పెట్టుకోగానే 28కి పడిపోయింది.

ఇంజనీరు: అయితే లోపం రెండింటిలోనూ లేదు. మీ బ్యాటరీలో 60 శాతమంటే 24 యూనిట్లు. ఛార్జరు బోర్డు మీద 60 కిలోవాట్లని రాసి ఉంటుంది కనుక, గంటకు 60 యూనిట్ల చొప్పున యాప్ 24 నిమిషాలని లెక్కగట్టింది. అయితే ఆ 60 కిలోవాట్లు ఎక్కువ వోల్టేజీ గల బ్యాటరీకే పూర్తిగా అందుతాయి. గన్ 125 యాంపియర్లకు మించి ఇవ్వలేనిదైతే, 350 వోల్టుల దగ్గర పనిచేసే బ్యాటరీకి ఆ రెండింటినీ హెచ్చవేయగా వచ్చే 44 కిలోవాట్లే దక్కుతాయి. మీకు కనిపించిన అంకె సరిగ్గా అదే. ఆ వేగంతో మొదటి పావుగంటలో 11 యూనిట్లు ఎక్కాయి. రెండో కారు వచ్చాక ఛార్జరు తన శక్తిని ఇద్దరికీ పంచింది కాబట్టి, మిగిలిన 13 యూనిట్లు ఎక్కడానికి మరో 28 నిమిషాలు పట్టింది. మొత్తం 43 నిమిషాలు. పక్క గన్‌కు ఎవరైనా వస్తారా లేదా అన్నది యాప్ ముందుగా చెప్పగలిగేది కాదు. అలాంటప్పుడు ఒకే అంకె చూపించడం ప్రయాణికుడికి అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం. 25 నుంచి 45 నిమిషాలని చూపిస్తే, పిల్లలతో, పెద్దవాళ్లతో బయలుదేరే మనిషి భోజనం ఎక్కడ చేయాలో ముందే అనుకోగలడు.

అమలాపురం శ్రోత: హైదరాబాదు చేరేసరికి కూడా యాప్ చెప్పినదానికంటే తక్కువ శాతమే మిగిలిందండీ.

ఇంజనీరు: ఏ నెలలో వెళ్లారు?

అమలాపురం శ్రోత: మే నెలలోనండీ, మధ్యాహ్నం పూట.

ఇంజనీరు: మన డెల్టా దాదాపు సముద్రమట్టానికి సమానంగా ఉంటుంది, హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మనుషులతో కలిపి 1,800 కిలోల బండిని అంత ఎత్తుకు చేర్చడానికే సుమారు రెండున్నర యూనిట్లు అదనంగా కావాలి. దానికి తోడు మీరు పడమటి వడగాలికి ఎదురు వెళ్లారు, ఏసీ కూడా ఆపి ఉండరు. చేరేటప్పటి శాతం తప్పితే నింపాల్సిన యూనిట్లు పెరుగుతాయి, ఛార్జింగ్ సమయమూ తప్పుతుంది. పైగా ఎండలో వేగంగా వచ్చి ఆగిన బ్యాటరీ బాగా వేడెక్కి ఉంటే, దాన్ని కాపాడడానికి కారే కరెంటును తగ్గించి తీసుకుంటుంది. మీ యాప్ ఎత్తును, గాలిని లెక్కలోకి తీసుకునేదో కాదో సెట్టింగులలో చూడండి. కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో నింపే గడి ఉంటే, కంపెనీ అంకె తీసేసి మీ కారు మీటరులో కనిపించే సగటును నింపండి.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి కారు అద్దెకు నడిపే శ్రోత లైనులో ఉన్నారు.

భీమవరం శ్రోత: నమస్తే అండీ. వైజాగ్ బేరాలకు దారిలో ఒకేసారి 100 శాతం నింపుకుంటే మళ్లీ ఆగే పని ఉండదు కదా! యాప్ మాత్రం 80 దగ్గరే తీసేయమంటుంది.

ఇంజనీరు: ఈ విషయంలో యాప్ మాటే వినండి. నిండుతున్న కొద్దీ సెల్లుల వోల్టేజీ పరిమితికి చేరుతుంది కాబట్టి, కారు కరెంటును అంచెలంచెలుగా తగ్గించుకుంటుంది. చివరి 20 శాతానికి అంతకుముందు 60 శాతానికి పట్టినంత సమయమూ పట్టవచ్చు. 100 శాతం ఇంటి దగ్గర రాత్రిపూట నింపుకోండి. మీ ఊళ్లో లో వోల్టేజీ ఉంటుందా?

భీమవరం శ్రోత: చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే రాత్రులు బాగా పడిపోతుందండీ.

ఇంజనీరు: అయితే దాన్నీ లెక్కలో పెట్టుకోవాలి. 15 యాంపియర్ల ప్లగ్గులో 230 వోల్టులుంటే ఎనిమిది గంటల్లో 27 యూనిట్లకు పైగా వస్తాయి, 190కి పడిపోతే 23 కూడా రావు. అంటే తెల్లారేసరికి దాదాపు 30 కిలోమీటర్ల ప్రయాణం తగ్గిపోయినట్టే. కనుక రాత్రి వేసుకున్న ప్లాను మీద బయలుదేరకుండా, పొద్దున మీటరులో ఉన్న శాతాన్ని యాప్‌లో నింపి, ఎక్కడెక్కడ ఆగాలో మళ్లీ లెక్క వేయించుకోండి.