సోమవారం కొత్త మనిషి వస్తున్నడా? శుక్రవారమే పని మొదలుపెట్టండి

నమస్తే అందరికీ. మాది హన్మకొండల చిన్న ఆఫీసు, రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తం. కొత్తగా చేరినోళ్ల మొదటి వారం మేం ఎట్ల నడుపుతమో ఇయ్యాల చెప్త.

నా మొదటి కొలువుల నాకు కుర్చీ లేకుండె. సాయంత్రం దాకా సోఫాల కూసోని గోడ గడియారం చూసిన. అందుకే సిస్టం, లాగిన్, కూసునే జాగ ముందటి శుక్రవారానికే తయారుండాలె. అదే రోజు ఒక ఫోన్ కొట్టండి: "పదింటికి రా అమ్మా, బండి సెల్లార్ల పెట్టు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకో, అన్నం అందరం కలిసే తింటం." జమ్మికుంట నుంచి రైల్ల వచ్చేటోళ్లయితే రైలు టైం అడగండి.

సోమవారం కాగితాలు. మనోళ్లకు చిక్కంతా పేరు కాడనే. ఆధార్‌ల ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాన్‌ల పూర్తి పేరు, టెన్త్ మెమోల ఇంకో స్పెల్లింగ్. పీఎఫ్ కేవైసీ గక్కడ ఆగుతది. మూడూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఆ రోజే సరిచేయించుడు మొదలుపెట్టండి. ఇంతకుముందు ఎక్కడన్న చేసి ఉంటే పాత యూఏఎన్‌నే (ఎన్ని కొలువులు మారినా ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు) ఫారం 11ల, అంటే చేరేటప్పుడు ఇచ్చే పీఎఫ్ డిక్లరేషన్‌ల, రాయించండి. తొలి కొలువైతే కొత్త యూఏఎన్ సర్కారు ఉమంగ్ యాప్‌ల మొహం చూపించి తీసుకోవాలె, 2025 ఆగస్టు నుంచి ఇదే పద్ధతి.

మంగళవారం మాన్యువల్ చేతిల పెట్టకండి, ఎవరూ చదవరు. నేనైతే పది పాత తక్‌పట్టీలు (పంట అమ్మినంక అడ్తిదారు రైతుకిచ్చే లెక్క చీటీలు) ఇస్త. తూకం, ధర, హమాలీ కోత మన సాఫ్ట్‌వేర్‌ల సరిగ్గ వస్తున్నయా చూడమంట. పని చిన్నదే, కానీ నిజం పని. బుధవారం పొద్దుగాల ఏనుమాముల మార్కెట్‌కు తోల్కపోత. మిర్చి ఘాటుకు తుమ్ముకుంట గుమస్తా బిల్లు కొట్టుడు చూస్తే, స్క్రీన్ మీద బటన్ పెద్దగ ఎందుకుండాలెనో వేరే చెప్పే పని లేదు.

డౌట్లు అడగనీకి ఒక మనిషిని చూపించండి. సీనియర్ వద్దు, అందరికన్న ఆఖరున చేరినోళ్లు మంచిది, వాళ్ల తిప్పలు ఇంకా యాదికుంటయి. గురు, శుక్రవారాలు వాళ్ల పక్కన కూసోనియ్యండి, చాలు.

శనివారం ఒక పావుగంట మాట్లాడండి. "అంతా మంచిగున్నదా?" అంటే "మంచిగున్నది సార్" అనే వస్తది జవాబు. "ఈ వారం ఎక్కడ ఆగిపోయినవ్?" అని అడగండి. చెప్పింది రాసుకోండి, రెండో వారం ప్లాన్ దాంట్లకెళ్లే తీయాలె.